ఇరవైమూడు మాటలు

దుప్పటికి నాలుగు మూలలు. రెండు మడతమ్మ చేతుల్లో, రెండు పొడుగామె చేతుల్లో. ఇద్దరూ ఒకేసారి వెనక్కి వాలి లాగారు. బట్ట ఫట్‌మని ఒక్క చప్పుడు చేసి సాపైంది. మడతమ్మ నాలుగడుగులు ముందుకొచ్చి తన మూలల్ని పొడుగామె మూలలకి అందించి, కిందికి జారిన మడతని వంగి పట్టుకుంది. వంగినప్పుడల్లా నడుములో ఎవరో సన్నగా గిల్లినట్టుంటుంది. పట్టించుకోలేదు. మళ్ళీ లాగడం, మళ్ళీ కలపడం, అరచేత్తో ఒక్క రాపు, పక్కన దొంతరలో పెట్టడం. ఇరవై రెండేళ్ళుగా ఆసుపత్రి లాండ్రీలో ఆమె చేస్తున్న పని అదే. ఆమె మడత పెట్టిన దుప్పట్ల దొంతర పక్కనుంచి చూస్తే కోసిన రొట్టెముక్కల్లా ఒక్క అంచు తేడా లేకుండా ఉంటుంది. అందుకే మడతమ్మ అన్నారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

"ఇవాళ నీ మనసు ఇక్కడ లేదు," అంది పొడుగామె.

"ఎందుకట్లా అంటున్నావు?"

"నాలుగు మూలలు పెట్టి ఐదో మూల కోసం వెతుకుతున్నావు."

మడతమ్మ నవ్వింది. నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. వెనక వాషింగ్ మెషీన్లు వరసగా గిరగిరా తిరుగుతున్నాయి. వేడి రోలరు మీంచి వస్తున్న ఆవిరికి గోడలు చెమటలు పోస్తున్నాయి. పై అంతస్తుల వార్డుల నుంచి వచ్చిన మూటలు తలుపు దగ్గర కొండలా పడి ఉన్నాయి. ఏ మూటలో ఏ మరక ఉందో, ఏ మరక ఎన్ని నీళ్ళకి పోతుందో ఆమెకి చూడకుండానే తెలుసు. నెత్తుటిది చన్నీళ్ళకి పోతుంది. వేడినీళ్ళు పోస్తే బట్టలోకి దిగి కూర్చుంటుంది. మందుల మరక రెండు ఉతుకులకి పోతుంది. కానీ ఐదేళ్ళుగా తన లోపల ఉన్న మరక ఏ నీళ్ళకీ లొంగలేదు. ఇవాళ సాయంత్రంతో అది ఇక ఎప్పటికీ పోదు.

నిన్న మధ్యాహ్నం హెడ్‌ఫోన్ల అమ్మాయి ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి వేరే పేరుంది కానీ, మొదటిరోజు చెవులకి అంత పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కనిపించడంతో మడతమ్మ మనసులో ఆ పేరే స్థిరపడింది.

"బాగున్నారామ్మా? ఒక శుభవార్త. మీ గొంతుని మెషీను పూర్తిగా నేర్చేసుకుంది. ఇక పిల్లలు ఏం అడిగినా అదే మీ గొంతుతో జవాబు చెబుతుంది. మీరు కూర్చుని చెప్పక్కర్లేదు. రేపు సాయంత్రం ఆరింటికి మీ కొండభాష మాటల పట్టిక మూసేస్తున్నాం. ఆ తర్వాత అన్ని బళ్ళకీ అదే వెళ్తుంది. ఏమైనా తప్పులుంటే ఈలోపు చెప్పండి. అడగాలి కాబట్టి అడుగుతున్నాను, ఉండవని తెలుసు."

"ఏం లేవమ్మా," అంది మడతమ్మ. అడిగినంత తొందరగా అనేసింది. ఫోన్ పెట్టేశాక తేలు కుట్టిన దొంగలా గది మధ్యలో చాలాసేపు నిలబడింది.

తప్పులు ఇరవైమూడు. ఆమె లెక్క మరిచిపోలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకునేది. రెండు చేతుల వేళ్ళూ రెండుసార్లు, ఆపైన మూడు.

ఆమె కొండమీద పుట్టింది. తొమ్మిదో ఏట ఒక టీచరమ్మ ఇంట్లో పనికి పెట్టడానికి నాన్న ఆమెని కిందికి తీసుకొచ్చాడు. ఆ ఇంట్లో మొదటివారం నీళ్ళు అడగడానికి తన మాటలో అడిగితే అందరూ మొహమొహాలు చూసుకున్నారు. రెండోవారానికి ఊరి మాట నేర్చుకుంది. రెండేళ్ళకి ఊరి మాటలోనే కలలు రావడం మొదలైంది. పెళ్ళయ్యాక భర్త ఆమె మాటని పిట్టల భాష అనేవాడు. ప్రేమగానే అనేవాడు. అయినా ఆమె కూతురి ముందు ఆ భాషలో ఒక్క ముక్క మాట్లాడలేదు. భర్త పోయాడు. కూతురు ఇప్పుడు దూరాన ఏదో పట్నంలో కర్టెన్ల దుకాణంలో పనిచేస్తుంది. ఆ పిల్లకి తల్లి భాషలో "అమ్మ" అనడం కూడా రాదు.

అక్క మాత్రం పెళ్ళయ్యాక కూడా కొండమీదే ఉంది. పిల్లల తల్లయ్యాక, కొండని తవ్వడం మొదలుపెట్టాక, మిగతావాళ్ళతోపాటు కిందికి దిగింది. అందుకని అక్క నోట్లో భాష నిండుగా ఉంది. అయితే ఏడేళ్ళ కిందట గొంతులో గడ్డ వస్తే ఆపరేషన్ చేశారు. అప్పట్నుంచి అక్క మాట్లాడితే చిల్లుపడ్డ కుండలోంచి గాలి పోయినట్టుంటుంది.

హెడ్‌ఫోన్ల అమ్మాయి ముందు అక్క దగ్గరికే వెళ్ళింది. మైకులో ఆ గొంతు పడలేదు. మిగతా ముసలివాళ్ళలో ఒకాయనకి చెవుడు, ఇంకొకామెకి మతిమరుపు, మూడో ఆయన "నా మాట డబ్బాలో పెట్టను పొండి" అని తలుపేసుకున్నాడు. చివరికి ఎవరో మడతమ్మ పేరు చెప్పారు. స్పష్టమైన గొంతు, కొండమనిషి, పక్క వీధే.

సరిగ్గా అప్పుడే అక్కకీ ఆమెకీ మాటల్లేవు. కారణం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. అక్క మనవరాలి మూడో పుట్టినరోజు. ఇంటినిండా జనం. మడతమ్మ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఎన్నో ఏళ్ళ తర్వాత, ధైర్యం చేసి, తమ భాషలో ఏదో ముద్దుగా అంది. అక్క అవతలనుంచి విని, ఆ గాలి గొంతుతోనే, "నువ్వు మాట్లాడకే చిట్టీ. నీ నోట్లో మన మాట చెప్పులో పడ్డ రాయిలా ఉంది," అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. మడతమ్మ పిల్లని దింపేసి, కేకు ముక్క అక్కడే వదిలేసి వచ్చేసింది. నాలుగు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ నాలుగు నెలల్లోనే రికార్డింగు జరిగింది. గోడలకి దుప్పట్లు వేలాడదీసిన చిన్న గది. ముందు స్పాంజి ఉండ తొడిగిన మైకు. తెర మీద ఒక బొమ్మ వస్తుంది. ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పాలి. ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేది. మడతమ్మ గొంతు వినడానికి అంతవరకూ ఎవరూ కళ్ళు మూసుకోలేదు. నీళ్ళు, నిప్పు, చెయ్యి, మేక, వాన. ఒక్కొక్క మాటా ఎక్కడో అడుగున పడి ఉన్నది పైకి తేలుతుంటే ఆమెకే ఆశ్చర్యం వేసేది. తెలియనివాటికి మొదట్లో "గుర్తులేదమ్మా" అనే చెప్పింది. ఆ అమ్మాయి ఏమీ అనేది కాదు. కాగితం మీద ఎర్రగీత పెట్టేది. మూడోరోజుకి ఎర్రగీతలు ఎక్కువయ్యాయి. "ఇంకెవరినైనా కూడా అడిగి చూద్దామామ్మా?" అంది ఆ అమ్మాయి మెత్తగా.

ఆ తర్వాత వచ్చిన బొమ్మ మిణుగురు పురుగు. దానికో మాట ఉంది. నాలుక చివర ఉంది. చీకట్లో అమ్మ చెయ్యి చాపి చూపిస్తూ అన్న మాట. రాలేదు. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. మడతమ్మ చూపు కాళ్ళ దగ్గరున్న సంచీ మీద పడింది. అది లాండ్రీ సబ్బుపొడి సంచీ. దానిమీద పెద్ద అక్షరాలతో రోమిలా అని ఉంది.

"లామిరో," అంది మడతమ్మ. తిరగేసి.

"ఎంత బాగుందమ్మా," అంది ఆ అమ్మాయి కళ్ళు తెరిచి.

నిండా మునిగాక చలేముంటుంది. ఎక్కిళ్ళ బొమ్మ వచ్చింది. పక్కింటివాళ్ళ కుక్కపిల్ల పేరు బుడ్కు. ఎక్కిళ్ళకి అది సరిపోయినట్టే అనిపించింది. అలా ఇరవైమూడు. మొత్తం వెయ్యి మాటల్లో తొమ్మిదొందల డెబ్భై ఏడు నిజమైనవే. ఆ మాటకొస్తే అది చిన్న పని కాదు. కానీ పాలకుండలో పడ్డ విషపుచుక్కని ఎవరూ కొలిచి చూడరు.

అక్కని అడిగి ఉంటే ఒక్క సాయంత్రంలో తేలిపోయేది. ఆ గుమ్మం వంద అడుగులు కూడా లేదు.

"షిఫ్టు అయింది, ఇక బయల్దేరు," అంది పొడుగామె ఆఖరి దుప్పటి దొంతరలో పెడుతూ. మడతమ్మ ఏప్రన్ విప్పి, చేతులు మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని, వేళ్ళ సందుల్లో తడి తుడుచుకుంది. నీళ్ళలో నాని నాని ఆమె వేలికొసలు ఎప్పుడూ ముడతలుపడే ఉంటాయి. హాజరు యంత్రం ఆ వేళ్ళని గుర్తుపట్టదు. నాలుగుసార్లు నొక్కాలి.

రెండున్నరకి అక్క ఇంటికి చేరింది. దారిలో ఒక రొట్టె, నాలుగు అరటిపళ్ళు కొంది. దర్జీ కొట్టు వెనక రెండు గదులు. ముందుగదిలో అక్క కోడలు కుట్టుమిషను మీద ఉంది. "రండి చిన్నత్తయ్యా, పొద్దున్నుంచీ మీ గురించే అడుగుతున్నారు," అంది దారం కొరుకుతూ. "ఏం తినలేదు. డాక్టరు వచ్చి చూసి, గుండె నీరసంగా ఉందన్నాడు. ఆసుపత్రిలో చేర్చమంటే ఈవిడ వినదు."

వెనకగదిలో కిటికీ పక్క మంచం. అక్క రెండు దిళ్ళకి ఆనుకుని ఉంది. ఆమె మనిషి ఎప్పుడూ సన్నమే. ఇప్పుడు దుప్పటి కింద మనిషి ఉందా, ఇంకో దుప్పటి ఉందా అన్నట్టుంది. మడతమ్మ మంచం అంచున కూర్చుంది. నడుము కలుక్కుమంది. కాస్త పక్కకి ఒరిగి సర్దుకుంది.

దారంతా నోట్లో కూడబలుక్కుంటూ వచ్చిన మాట గుమ్మం దాటగానే ఎటో పోయింది.

రొట్టెముక్క పాలలో ముంచి పెట్టింది. అక్క రెండు ముద్దలు తింది. తల దువ్వింది. గోళ్ళు పెరిగాయని కత్తిరించింది. లాండ్రీలో కొత్త మెషీను గురించి చెప్పింది. పొడుగామె కొడుకు పరీక్ష తప్పిన సంగతి చెప్పింది. అది నిరుడు ఒకసారి చెప్పిందే. అక్క "ఊఁ" అంటూ విన్నది. గోడమీద గడియారం మూడు దాటింది, మూడుంపావు దాటింది. ఇప్పుడు అడుగుతాను, ఈ వేలి గోరు అయ్యాక అడుగుతాను అనుకుంది మడతమ్మ. గోళ్ళు అయిపోయాయి. కాళ్ళు పట్టడం మొదలుపెట్టింది.

మూడున్నరకి మనవరాలు బడినుంచి వచ్చింది. ఎనిమిదేళ్ళది. వస్తూనే సంచీలోంచి టాబ్లెట్ తీసి, మంచం కాళ్ళ దగ్గర గోడకి ఆనుకుని కూర్చుంది. అది బడిలో ఇచ్చింది. తెరమీద బొమ్మలు మారుతున్నాయి. దానిలోంచి మడతమ్మ గొంతు వస్తోంది. ఐదేళ్ళు చిన్నదైన గొంతు, నీళ్ళలా తేటగా ఉంది. నీళ్ళు. నిప్పు. మేక. పిల్ల వెంటవెంట అంటోంది.

"లామిరో," అంది టాబ్లెట్.

"లామిరో," అంది పిల్ల. "నానమ్మా, చీకట్లో వెలిగేది లామిరో కదా?"

మడతమ్మ చేతులు అక్క పాదాల మీద ఆగిపోయాయి. అక్క ఆమెవైపు చూసింది. తర్వాత పిల్లవైపు తిరిగి, ఆ గాలి గొంతుతో, "అవును తల్లీ, లామిరో," అంది. "పోయి అమ్మ దగ్గర పాలు తాగిరా."

పిల్ల వెళ్ళింది. ముందుగదిలో కుట్టుమిషను గడగడమని ఆగి, మళ్ళీ మొదలైంది. మడతమ్మ తల ఎత్తలేదు.

"అక్కా. మిణుగురుని మనం ఏమంటాం?"

కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొడుతూ పోయారు.

"అడగడానికి ఐదేళ్ళు పట్టిందా చిట్టీ?"

"నీకు తెలుసా?"

"పిల్ల బడిలో చేరి ఈ పలక తెచ్చిన మొదటిరోజే తెలిసింది. ముందు నవ్వొచ్చింది. లామిరో ఏమిటే, లామిరో! తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత అలవాటైపోయింది." అక్క ఆగి ఊపిరి తీసుకుంది. ప్రతి నాలుగు మాటలకీ ఆగాల్సివస్తోంది. "ఇరవై దాకా లెక్కపెట్టాను."

"ఇరవైమూడు."

"మూడు నాకు దొరకలేదన్నమాట."

"ఎందుకు చెప్పలేదక్కా? దిద్దొచ్చు కదా."

"ఒకసారి దిద్దితే నాలుగు నెలలు రాలేదు నువ్వు." అక్క చెయ్యి దుప్పటి కిందినుంచి వచ్చి మడతమ్మ మణికట్టు మీద పడింది. బరువు లేని చెయ్యి. "పదిమందిలో నీ నోటికి తాళం వేసింది నేనే. ఆ తాళంచెవి ఎక్కడ పడేశానో నాకూ తెలీలేదు. వాళ్ళు దాన్ని లామిరో అంటున్నారు, నేనూ లామిరో అన్నాను. పిల్ల ముందు నిన్ను అబద్ధాలకోరుని చెయ్యలేకపోయాను."

మడతమ్మకి ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. అక్క తిడుతుందని వచ్చింది. తిడితే కొంత తీరేది. ఇన్నాళ్ళూ అక్క, ఆ ముసలివాళ్ళు ముగ్గురూ పోయాక మిగిలిన ఒక్క నోరు, తన కోసం తప్పుమాట పలుకుతూ బతికింది. పట్టుకున్న భారాన్ని దించుకుందామని వచ్చినదానికి ఇంకో మూట నెత్తికెత్తినట్టయింది.

"ఇచురి," అంది అక్క. "మిణుగురు. ఇచురి."

ఆ మాట వినగానే చీకట్లో చాపిన అమ్మ చెయ్యి కనిపించింది. మడతమ్మ తొందరతొందరగా ఫోన్ తీసి ఎర్రబొత్తాం నొక్కింది. అక్క గొంతు అందులో పడదు కాబట్టి, అక్క అన్నదాన్ని తను అంది. "ఇచ్చురి."

"ఒత్తకు. ఇచురి. గాలి ఊదినట్టు."

"ఇచురి."

"ఆఁ. ఇప్పుడు రాయి లేదు," అంది అక్క. ఇద్దరూ నవ్వారు.

ఎక్కిళ్ళు, హిరుకు. మోచెయ్యి. పొగమంచు. ఆవులింత. ఒక్కోదానికి మూడుసార్లు, నాలుగుసార్లు. అక్క తల ఊపేదాకా మడతమ్మ అంటూనే ఉంది. రెక్కలపురుగుకి ఉన్న మాట అక్కకే వెంటనే అందలేదు. కళ్ళు మూసుకుని "ఉండు, వస్తుంది" అంది. వచ్చింది. తొమ్మిదో మాట అయ్యేసరికి అక్క నుదుటిమీద చెమట పట్టింది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఇంక చాలు ఇప్పటికి. కాసేపు కళ్ళు మూసుకుంటాను. దీపాలు పెట్టే వేళకి రా. మిగతావి చెబుతా."

"ఇక్కడే ఉంటాలే."

"నువ్వు ఎదురుగా కూర్చుంటే నాకు నిద్ర పట్టదు. పరీక్షకి కూర్చున్నట్టుంటుంది. పో."

ఫోనులో చార్జింగు అడుగంటింది. హెడ్‌ఫోన్ల అమ్మాయికి ఆరులోపు చెప్పాలి. మడతమ్మ లేచింది. దుప్పటి ముడత పడి ఉంటే అలవాటు కొద్దీ ఒక్క రాపు రాసి, అంచు దోపి, బయటికొచ్చింది.

గదికి వచ్చి ఫోనుని తీగకి తగిలించి, గోడ పక్కన నిలబడే మాట్లాడింది. ముందు నీళ్ళు తాగింది. తర్వాత చెప్పేసింది. సబ్బుపొడి సంచీ సంగతి కూడా చెప్పింది. దాచడానికి ఇక చోటు లేదు.

"ఇరవైమూడా?" అంది ఆ అమ్మాయి.

"ఇరవైమూడమ్మా."

"రెండొందల పదిమంది పిల్లలు నేర్చుకున్నారమ్మా వాటిని. కొందరు పాటలు కట్టుకున్నారు." ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఎందుకమ్మా? తెలీదు అంటే సరిపోయేది కదా."

మడతమ్మ ఆలోచించింది. నిజమే చెప్పాలనుకుంది. "తెలీదని చెప్పడం నాకు రాలేదమ్మా. నువ్వు కళ్ళు మూసుకుని వింటున్నావు."

అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు. తొమ్మిది మాటలూ ఆ అమ్మాయి రాసుకుంది, మడతమ్మ గొంతుని మళ్ళీ పట్టుకుంది. మిగతా పద్నాలుగూ దీపాలవేళకి చెబుతానంటే, ఎనిమిదింటిదాకా పట్టిక ఆపుతానంది. "అవి దొరక్కపోతే మాత్రం ఖాళీగా వదల్లేమమ్మా. బొమ్మకి మాట లేకపోతే పాఠం ముందుకి కదలదు. పాత మాటైనా ఉండాలి, లేదా ఆ బొమ్మే తీసెయ్యాలి."

"నా గొంతు తీసెయ్యడానికి వీలవుతుందా?"

"మీ గొంతు తీసేస్తే ఇంక ఏమీ మిగలదమ్మా," అంది ఆ అమ్మాయి.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అన్నవాళ్ళకి దాన్ని వెనక్కి పిలిచే దారి మాత్రం ఎవరూ చెప్పలేదు. మడతమ్మ మొహం కడుక్కుంది. పద్నాలుగు మాటలూ ఊరి భాషలో ఒక కాగితం మీద వరసగా రాసుకుంది, అక్కకి శ్రమ లేకుండా ఒక్కొక్కటే చూపించి అడగడానికి. ఫోను బొడ్లో దోపుకుని చెప్పులు తొడుక్కుంటుండగా తలుపు దగ్గర సైకిలు ఆగిన చప్పుడైంది. అక్క కొడుకు. టైర్ల కొట్టునుంచి నేరుగా ఇంటికి వెళ్ళి, ఇంటినుంచి వచ్చినట్టున్నాడు. చేతులకి నల్లటి మసి అలాగే ఉంది.

"పిన్నీ," అన్నాడు. సైకిలు హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆమె తలుపు గొళ్ళెం కూడా వెయ్యకుండా అతని వెంట నడిచింది. వీధిలో దీపాలు అప్పుడే ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయి. కాగితం ఆమె గుప్పిట్లోనే ఉంది.

కుట్టుమిషను ఆగిపోయి ఉంది. కోడలు గుమ్మంలో కూర్చుని, ఎవరికో ఫోనులో నెమ్మదిగా చెబుతోంది. నిద్రలోనే, అరగంట కిందట, బాధేమీ పడలేదు. మనవరాలు గోడకి ఆనుకుని, టాబ్లెట్ ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చుంది. మడతమ్మని చూసి లేచి వచ్చింది.

"చిన్న నానమ్మా, నేనే చూశాను. నానమ్మకి బుడ్కు వచ్చింది. మూడుసార్లు వచ్చింది. తర్వాత ఆగిపోయింది. నీళ్ళిద్దామని తెచ్చాను."

మడతమ్మ నోరు తెరిచింది. సరైన మాట ఆమె నాలుక మీద ఉంది. రెండు గంటల కిందట దొరికిన మాట, ఇంకా వెచ్చగా ఉంది. ఆ పిల్ల మొహం చూస్తూ దాన్ని బయటికి తేలేకపోయింది. పిల్లని దగ్గరికి లాక్కుని, "మంచిపని చేశావు," అంది.

బొడ్లో ఫోను మోగింది. ముందుగది మూలకి వెళ్ళి ఎత్తింది.

"మిగతావి దొరికాయామ్మా?" అంది హెడ్‌ఫోన్ల అమ్మాయి.

"లేదమ్మా. ఇంక దొరకవు." గొంతు తడబడకుండానే వచ్చింది. "ఆ పద్నాలుగూ తీసెయ్. బొమ్మలతో సహా తీసెయ్."

"అయ్యో. మీ అక్కగారు..."

"తీసెయ్ తల్లీ," అని పెట్టేసింది.

ఆ లెక్క ఆమెకి అప్పుడే తట్టింది. ఒక్కో మాటకి ఐదారు నిమిషాలు. మొదటి గంట రొట్టెముక్కలతో, గోళ్ళతో, పొడుగామె కొడుకు పరీక్షతో గడిచింది. ఆ గంటలో అక్కకి ఓపిక ఉంది. ఊఁ కొడుతూ విన్నది. చెల్లెలు ఎప్పుడు అడుగుతుందా అని వింటూ ఉండి ఉంటుంది. ఆ గంటలో పది మాటలు దాకా వచ్చేవి. ఐదేళ్ళ సంగతి వేరు, అది పోయిన కాలం. కానీ ఇవాళ్టి గంట, మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా ఉన్న గంట, ఆమె చేతిలోనే ఉంది. దాన్ని తనే గోళ్ళతో పాటు కత్తిరించి కిటికీలోంచి పారేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పుకునేది కాదు. చెప్పినా ఎవరూ తప్పనరు. నువ్వేం చేస్తావు, నీకేం తెలుసు అంటారు. ఆ మాటలన్నీ ఆమె ఇప్పట్నుంచే వినగలుగుతోంది.

వెనకగదిలోకి వెళ్ళింది. అక్క మీద దుప్పటి మెడదాకా కప్పి ఉంది. సాయంత్రం తను దోపిన అంచు చెదరలేదు. మంచం చుట్టూ తిరిగి అవతలివైపుకి వెళ్ళబోతే కాలికి ఏదో తగిలింది.

"అది తీసేద్దామనుకున్నానండీ, చెయ్యి రాలేదు," అంది కోడలు వెనకనుంచి. "మీరు వెళ్ళాక కాసేపటికి కళ్ళు తెరిచి, ముందుగదిలోంచి కుర్చీ తెచ్చి ఇక్కడ వెయ్యమన్నారు. చిట్టి మళ్ళీ వస్తుంది, దాని నడుముకి మంచం అంచు పడటం లేదు అన్నారు. నేను ఎత్తుగా లేదంటే, నా శాలువా మడిచి వెయ్యమన్నారు. అది వేసేదాకా పడుకోలేదు."

మంచం పక్కన, అక్క తలవైపుకి తిప్పి, కూర్చున్నవాళ్ళ చెవి ఆమె నోటికి దగ్గరగా వచ్చేలా వేసిన ప్లాస్టిక్ కుర్చీ అలాగే ఉంది. దానిమీద నాలుగు మడతలు పెట్టిన బూడిదరంగు శాలువా ఎవరూ కూర్చోనట్టే ఉబ్బి ఉంది.